పలుగురాయి సాంపిల్

డిండోలి, సూరత్
2020 ఆగస్టు 18

తమ్ముడు రఘుపతికి, అక్క జమున ఆశీస్సులు.

నీ రాయి అందింది. పోస్టులో ఇరవై రెండు రోజులు తిరిగింది. కరోనా భయంతో అందరూ చేస్తున్నట్టే పొట్లాన్ని రెండు రోజులు ఎండలో పెట్టి విప్పాను. నీ చీటీ చదివాను. రాయిని దీపం దగ్గర పెట్టి దండం పెట్టుకుని, మరునాడు పొద్దున భుజంగరావు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఇదంతా ఫోన్‌లో చెప్పవచ్చు గానీ నీకు వినబడదు. పన్నెండేళ్లు మరమగ్గాల సాంచాల మోత మధ్య నిలబడ్డ చెవులు. మరదలు మంగకు చెబితే సగం నీదాకా రాదు. కాగితమే మేలు.

భుజంగరావు గారు మా వీధి చివర అపార్ట్‌మెంటులో ఉంటారు. ప్రభుత్వ కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య పార్వతి గారు, నేను గురువారం భజనకు కలిసి వెళ్లేవాళ్లం. ఇప్పుడు భజన లేదు. ఆయనకు నాలుగు నెలలుగా ఇంట్లోవాళ్లు తప్ప మాట్లాడే మనిషి లేడు. రాయి చూసి ముఖం వెలిగిపోయింది.

"వజ్రమేనా?" అని నువ్వు అడిగిన మాటే అడిగాను.

"వజ్రమైతే మిమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతానా అమ్మా? సోఫాలో కూర్చోబెట్టనూ!" అన్నారు.

గాజు ముక్క మీద గీశారు. గీత పడింది. గాజు కంటే గట్టిదే, కానీ వజ్రం దీన్నే గీస్తుందట. ఆరు పలకలు చూపించారు. ఇది మన పలుగురాయే. లోపల బాగా చోటు దొరికి పెరిగింది కాబట్టి ఇలా తేటగా ఉంది. ఒక సిలికానుకు రెండు ఆక్సిజన్లు, అంతే దీని సరుకు. ఏటి ఇసుకలో ఎక్కువ భాగం ఇదేనట.

నువ్వు డీలా పడతావని తెలుసు. నీ చీటీలో చివరి వాక్యం రెండుసార్లు చదివాను. "ఇది అమ్ముడుపోతే నేను మళ్లీ పాండేసర మిల్లుకు వచ్చే పని ఉండదు" అని రాశావు. ఆశ పడటం తప్పు కాదు. ఏమిటో తెలుసుకుని పడదాం.

ఆయన ఒక్కటే అడిగారు: "ఈ రాయికి ఇరుగుపొరుగు ఎవరు? ఒంటరి రాయిని చూసి ఏం చెప్పగలను?" ఎక్కడ, ఎంత లోతులో, పక్కన ఏ రాళ్లున్నాయో రాసి పంపు.

రాజన్న దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.
జమున

నర్సక్కపల్లె, జగిత్యాల జిల్లా
2020 సెప్టెంబరు 14

అక్కా, నీకు, బావకు దండాలు.

నీ ఉత్తరం మంగకు చదివి వినిపించిన. "రాయికి గింత కథ ఉంటదా?" అన్నది.

మన చెల్క నీకు ఎరికే గద, రెండెకరాల ఎర్రనేల, జొన్న కూడ సరిగ పండని జాగ. ఉపాధి హామీ పనిల అక్కడ కందకం తవ్వమన్నరు. సూరత్ నుంచి వాపస్ వచ్చినోళ్లం పదిమందిమి తవ్వినం. నడుము లోతుకు పోంగనే గడ్డపార చేతుల్ల జుమ్మన్నది. మోత నాకు తెల్వలేదు కని, పక్కనున్న లస్మయ్య గడ్డపార పారేసి చెవులు మూసుకున్నడు.

కింద తెల్లరాయి గోడ ఉన్నది. ఒక మనిషి అడ్డం పడుకుంటె ఎంత ఉంటదో అంత వెడల్పు. దాంట్ల ఒక సందుల నీకు పంపినసోంటి తేట ముక్కలు పదో పన్నెండో దొరికినయి. గోడకు రెండు దిక్కుల లేత గులాబి రాయి. కొడితె బల్లపరుపుగ చీలుతది. తెల్లరాయి అట్ల కాదు, పగిలితె కత్తి లెక్క కోస్తది. గులాబి రాయి అవతల కాకిబంగారం, గోటితోని పుస్తకం పేజీల లెక్క లేపచ్చు. దాని అవతల మామూలు గుట్టరాయి. సారు చూస్తడని ఒక తెల్ల పెంకు కవరుల పెట్టిన.

మండలంల దశరథం అని రాళ్ల బ్రోకరు ఉన్నడు. ఆయన వచ్చి చూసి అరిచి అరిచి చెప్పిండు. ఊరంత విన్నది, నేనొక్కణ్నే వినలేదు. మంగ నా చెవుల నోరు పెట్టి మళ్లీ చెప్పింది: "గుజరాత్‌ల వంటింటి బండలు దీని పొడితోనే చేస్తరట. ఆ కంపెనీ ఆఫీసు సూరత్‌లనే ఉన్నదట. సాంపిల్ మీ అక్కతోని పంపమంటున్నడు!"

పాండేసర మిల్లుల మనుషుల్ని పనికి పెట్టే ఠేకేదారు మంగ ఫోన్‌కు రెండుసార్లు చేసిండు. దీపావళి దాటితె నా పని ఇంకొకనికి ఇస్తడట. చెవులు పోయినంక ఆ రంగుల మిల్లుల ఎనిమిదేండ్లు ఆవిరిల ఉడికిన. పోబుద్ధి అయితలేదు. నా బిడ్డకు పదమూడేండ్లు. నేను దాని పక్కన ఉన్న రోజులన్ని కలిపితె రెండేండ్లు కాదు.

ఈ రాయి నన్ను ఇక్కడ ఉంచుతదా ఉంచదా, జర అది ఒక్కటి తెలుసుకో.

నీ తమ్ముడు
రఘుపతి

డిండోలి, సూరత్
2020 అక్టోబరు 10

తమ్మీ,

నీ ఉత్తరం భుజంగరావు గారికి చదివి వినిపించాను. కాకిబంగారం మాట రాగానే, "ఆగండి, మళ్లీ చదవండి," అన్నారు. గులాబి రాయి దగ్గర ఇంకోసారి ఆపారు. పార్వతి గారు లోపలి నుంచి, "ఆవిడ పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చిందేమో ముందు అడగండి," అన్నారు. పప్పు పెట్టే వెళ్లాను. మాడింది. మీ బావ పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు.

నాకు అర్థమైనంత రాస్తున్నాను. భూమి లోపల కరిగిన రాయి చల్లబడి గ్రానైటు అవుతుంది. అంతా ఒకేసారి గట్టిపడదు. చివరికి కొంత రసం మిగులుతుంది. మామూలు రాయిలో చోటు దొరకనివన్నీ, నీటితో సహా, అందులో చేరతాయి. అది పగుళ్లలోకి పాకి అక్కడ గట్టిపడుతుంది. నీళ్లుండటం వల్ల పలుచగా ఉంటుంది, అందుకే పలుకులు పెద్దవిగా పెరుగుతాయి. దీన్ని పెగ్మటైటు అంటారట. "పాకంలో దారం వేలాడదీసి కదపకుండా వదిలేస్తే పటికబెల్లం రాదూ, అలాగ," అన్నారు. అంచున కాకిబంగారం, తర్వాత నీ గులాబి రాయి, దాని పేరు ఫెల్డ్‌స్పార్, అన్నిటికంటే చివర నడుమన పలుగురాయి. నువ్వు రాసిన వరుస అచ్చం అదేనట. "మీ తమ్ముడు చూసిన క్రమంలోనే రాశాడు. నా దగ్గర పనిచేసినవాళ్లు కూడా ఇంత శుభ్రంగా రాయలేదు," అన్నారు. అది నీకు రాయమన్నారు.

పాలలా ఎందుకుంటుందని అడిగాను. అది రంగు కాదట. కంటికి ఆనని నీటి బుడగలు లోపల చిక్కుకుని ఉంటాయి, వెలుగు వాటికి తగిలి చెదురుతుంది. రాయి పుట్టినప్పటి నీళ్లు, వందల కోట్ల ఏళ్ల నాటివి. నీ తెల్ల పెంకును చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇక ధర. "ఇందులో ఏముందో దానికి కాదమ్మా ధర, ఏం లేదో దానికి," అన్నారు. సిలికాను కూర్చోవలసిన చోట అక్కడక్కడ అల్యూమినియం కూర్చుంటుంది. దానితో లెక్క సరిపోక పక్కన లిథియమో సోడియమో చేరుతుంది. ఇనుము కూడా దూరుతుంది. ఈ కల్తీ పదిలక్షల్లో కొన్ని పాళ్లే ఉంటే, సోలార్ పలకల సిలికాన్ కరిగించే మూసలు దానితో చేస్తారు. దాని ధరే వేరు. అలాంటిది చాలా అరుదు. మామూలు తెల్లరాయి లారీల లెక్కన పోతుంది. దూరం ఎక్కువైతే రాయి కంటే కిరాయే ఎక్కువ. నీది ఏదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

నేను చీరల మీద అంటించే స్టోన్లు కూడా ఇసుక కరిగించిన గాజేనట. పదిహేనేళ్లుగా సలాబత్‌పురా బజారు నుంచి చీరలు తెచ్చి అంటిస్తున్నాను. ఇవి ఎక్కడివని ఒక్కనాడూ అడగలేదు.

ఒక జాగ్రత్త. రాయిని తడిపి పగలగొట్టు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. ఇప్పుడు మనం మూతికి కట్టుకునే గుడ్డ దానికి చాలదట.

సాంపిల్ పంపు. నేను తీసుకెళ్తాను.

జమున

నర్సక్కపల్లె
2020 డిసెంబరు 6

అక్కా, దండాలు.

సారు నన్ను మెచ్చుకున్న ముక్క మంగకు రెండుసార్లు చదివిన. మూడోసారి చదవబోతె లేచిపోయింది. కని ఆమె కూడ తక్కువ కాదు. నీళ్లు తాగబోతె చెంబు పట్టుకుని, "గీ నీళ్లు ఎన్నేండ్ల కిందటియి?" అని అడుగుతున్నది.

పది కిలోల సంచి పరమేశ్‌తోని పంపుతున్న. పాండేసర గదిల నా పక్క జాగ ఆయనదే, నీకు తెలుసు. మిల్లుకు వాపస్ వస్తున్నడు. "రైల్ల పోలీసోళ్లు సంచి ఇప్పుమంటె ఏం చెప్పాలె వదినా?" అని అడిగిండు. "సూరత్‌ల రాళ్లు అయిపోయినయట, ఇచ్చి వస్త అని చెప్పు," అన్నది మంగ.

ఠేకేదారు హోళి దాక ఆగుతనన్నడు. మనుషులు దొరుకుతలేరట.

సంచి తయారు చేసుటానికి వారం పట్టింది. చేతుల మీద పొట్టు లేసింది, ఏం లేదు, కొబ్బరినూనె రాస్తున్న. రాళ్లను చూస్తె నువ్వే మురుస్తవు. పాలు గారుతున్నయి.

రఘుపతి

డిండోలి, సూరత్
2021 జనవరి 22

తమ్మీ,

రిపోర్టు వచ్చింది. సిలికా తొంభై తొమ్మిది పాయింట్ ఆరు శాతం. ఇనుము సున్నా పాయింట్ సున్నా ఒకటి. దశరథం చెప్పిన కంపెనీ ఆఫీసులో యజమాని శేఠ్ మొదటిసారి నన్ను నిలబెట్టి మాట్లాడాడు. ఈసారి చాయ్ తెప్పించాడు. "బెన్, తమారో భాయ్ లక్కీ ఛే," అన్నాడు. నువ్వు అదృష్టవంతుడివట.

ఏడాదికి యాభై లారీలు తీసుకుంటారు. గనుల శాఖ అనుమతి నీ పేరు మీదే, ఖర్చు వాళ్లది. నువ్వు పాండేసర మాట మరిచిపోవచ్చు, అంత వస్తుంది. ఒక షరతు ఉంది. వచ్చిన రాయి సాంపిల్‌లా లేకపోతే లారీ తిప్పి పంపుతారు, రానుపోను కిరాయి నీ మీద. కాగితాలు నెలలోపు దశరథం దగ్గరికి వస్తాయి.

దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత సంచిలో మిగిలిన రాయి ఒకటి తీసి చూశాను. ఎర్రనేలలో పుట్టిన రాయికి పగుళ్లలో కూడా ఎరుపు లేదు. అంతకుముందు కవరులో వచ్చిన పెంకుకు ఒక అంచున తుప్పు రంగు ఉంది. ఇదెలా అయింది? తెలుసుకోవాలని అడుగుతున్నాను.

జమున

నర్సక్కపల్లె
2021 ఫిబ్రవరి 9

అక్కా!

నీ ఉత్తరం చదివి మంగ ఏడ్చింది, నేను నవ్విన. బిడ్డ ఇద్దర్ని చూసి, "మీకేమన్న అయిందా?" అన్నది. బడి తెరిచినంక రోజు నా సైకిల్ మీద పోతనని ఇప్పుడే చెప్తున్నది.

రాయికి మరక ఎందుకుంటది అక్కా, కడిగిన గద! మిల్లుల తెల్లబట్ట మీద తుప్పు మచ్చ పడితె ఏం చేస్తరు? ఆక్సాలిక్ యాసిడ్ పొడి నీళ్లల్ల కలిపి నానబెడుతరు. మచ్చ మాయం. జగిత్యాలల ఆ పొడి దొరికింది. తొట్టిల వారం నానబెట్టి, బ్రష్షుతోని రుద్ది, మంచినీళ్లతోని నాలుగుసార్లు కడిగిన. అంతకుముందు గోడ నడుమ నుంచి తెల్లటి ముక్కలు ఒక్కొక్కటి ఏరిన. లస్మయ్య చూసి, "పెండ్లి చేస్తున్నవా రాళ్లకు?" అన్నడు.

సాంపిల్ అంటె ఏందో నీకు తెల్వదా? చీర సాంపిల్ పంపేటప్పుడు ఇస్త్రీ చెయ్యకుంట పంపుతరా? శేఠ్ చాయ్ తాపిండంటె ఎందుకు తాపిండనుకున్నవు!

నీ తమ్ముడు
రఘుపతి

డిండోలి, సూరత్
2021 ఫిబ్రవరి 26

తమ్మీ,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. మంగళవారం శేఠ్ దగ్గరికి వెళ్లి ఉన్నది చెప్పాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు.

"శేఠ్‌జీ, ఆ రాళ్లను మా తమ్ముడు ఏరి, యాసిడ్‌లో కడిగి పంపాడు," అన్నాను.

అతను చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. "ఈ మాట చెప్పడానికి వచ్చారా బెన్? బస్సెక్కి?"

"మోసం చేయాలని కాదు. బట్టల మిల్లు మనిషి. సాంపిల్ అంటే అలాగే ఇస్తారనుకున్నాడు."

"మా నాన్నది చీరల దుకాణం. నాకు తెలుసు. బట్టల్లో సాంపిల్ అంటే పెళ్లికూతురు. రాళ్లలో సాంపిల్ అంటే ఆస్పత్రిలో ఇచ్చే రక్తం. దాన్ని ఎవరైనా కడుగుతారా?"

కాగితాలు ఆపేశాడు, చించలేదు. మూడు చోట్ల నుంచి, ఏరకుండా, మట్టితో సహా మళ్లీ పంపమన్నాడు. ఈసారి రిపోర్టు ఎలా వస్తుందో చెప్పలేను. పాత ధర మాత్రం రాదు.

యాసిడ్ ఏం చేసి ఉంటుందని భుజంగరావు గారిని అడిగాను. పైన, పగుళ్లలో ఉన్న తుప్పును కరిగించిందట. గింజ లోపల ఇరుక్కున్న ఇనుము దాకా అది పోలేదు. "మంచి పనివాడే. కానీ యాభై లారీలను తొట్టిలో కడుగుతాడా?" అన్నారు. మొదటి లారీయే తిరిగొచ్చేది తమ్మీ. ఆ కిరాయికి చెల్క పోయేది.

కడిగిన నీళ్లు విషం. ఎక్కడ పోశావు?

జమున

నర్సక్కపల్లె
2021 మార్చి 20

అక్కకు,

నీళ్లు రోడ్డు పక్క గుంతల పోసి మన్ను కప్పిన. బావి కాడ పొయ్యలేదు. అంత తెలివి ఉన్నది నాకు.

చెల్క నాది, చేతులు నావి. నోరు నీది. ఒక్క ఉత్తరం ముక్క రాసి అడగరాదా? ఇక్కడ నేను అనుమతి కోసం ఫోటోలు దిగిన. ఊరందరికి చెప్పుకున్న. ఇప్పుడు దశరథం నన్ను చూసి బండి తిప్పుకుని పోతున్నడు.

హోళికి వారం ఉన్నది. ఠేకేదారుకు వస్తున్ననని ఫోన్ చెయ్యమని మంగకు చెప్పిన. ఆమె ఇంక చెయ్యలేదు. అడిగితె పొయ్యి కాడికి పోతున్నది.

నువ్వు అడిగిన సాంపిల్ లారీల వేసిన. ఏరలేదు, కడగలేదు. మట్టితోని, వేర్లతోని, గులాబి రాయి, కాకిబంగారం, పారకు ఏదొస్తె అది సంచిల పోసిన. శేఠ్‌కు చూపించు, సారుకు చూపించు, నీ దేవునికి చూపించు.

రఘుపతి

డిండోలి, సూరత్
2021 జూన్ 12

తమ్మీ,

మూడు నెలలు రాయలేకపోయాను. ఏప్రిల్‌లో ఇక్కడ ఎలా ఉందో టీవీలో చూసి ఉంటావు. మా వీధిలో ఏడుగురు పోయారు. మేమిద్దరం బాగున్నాం. భుజంగరావు గారు పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికి వచ్చారు. ఆయన పేరు చెప్పి రెండు పూటలా దీపం పెట్టాను. నువ్వు బయలుదేరలేదని మంగ ఫోన్ చేసి చెప్పింది. మిల్లే మూతపడింది కాబట్టా, నీ అంతట నువ్వు ఆగావా అని అడగలేదు.

నీ సంచి లారీ ఆఫీసులో నెలన్నర పడి ఉంది. పోయినవారం రిపోర్టు వచ్చింది. తెల్లరాయిలో ఇనుము సున్నా పాయింట్ ఒకటి రెండు. మొదటిదానికి పన్నెండు రెట్లు. "బండ పసుపుపచ్చగా వస్తుంది, నాకు పనికిరాదు," అన్నాడు శేఠ్.

నేను లేవబోతుంటే రెండో కాగితం తిప్పాడు. సంచిలో గులాబి రాయి చూసి దాన్నీ పరీక్షకు ఇచ్చాడట. పొటాష్ పదకొండు శాతం.

"దీన్ని ఇన్నాళ్లూ ఎందుకు దాచారు బెన్?"

"దాచలేదు. కోపంలో పోశాడు," అన్నాను.

శేఠ్ నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

భుజంగరావు గారికి చెప్పడానికి వెళ్లాను. ఆయన రెండో అంతస్తు బాల్కనీలో, నేను కింద రోడ్డు మీద. ఆయన గొంతు రావడం లేదు. ఆయన ఒక్కో ముక్క చెబితే పార్వతి గారు పైనుంచి అరిచారు. టైల్స్ కాల్చేటప్పుడు ఈ రాయి మిగతా మట్టి కంటే ముందు కరిగి, అన్నిటినీ పట్టి ఉంచుతుంది. అది ఇందులోని పొటాషియం పని. అందుకే మామూలు పలుగురాయి కంటే దీనికే గిరాకీ. "ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు, రాయిని చూస్తూ ఉండిపోయాను అంటున్నారు!" అని అరిచారు పార్వతి గారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

శేఠ్‌కు టైల్స్ వాళ్లు తెలుసు. ఏడాదికి పన్నెండు లారీలు. ముందు అనుకున్నదానిలో మూడో వంతు కూడా రాదు. పాండేసరలో నీకు వచ్చేదానికంటే కూడా కొంచెం తక్కువే. గులాబి రాయిలోంచి కాకిబంగారాన్ని చేత్తో ఏరి తీయాలి, ఒక్క రేకు పోయినా టైలు మీద మచ్చ. దీనికి కళ్లు కావాలి. చెవులు అక్కర్లేదు.

చెల్కలోనే పొడి మిల్లు పెడితే ఇంకొంత ఎక్కువ ఇస్తానన్నాడు. ఆ పొడి గురించి నీకు ముందే రాశాను. జవాబు నువ్వే చెప్పాలి. ఈసారి నేను నోరు తెరవలేదు.

అప్పుడు వెళ్లి చెప్పడం తప్పనుకోను. నిన్ను అడగకుండా వెళ్లడం తప్పు.

జమున

నర్సక్కపల్లె
2022 ఫిబ్రవరి 6

అక్కా, నీకు, బావకు దండాలు.

ఎనిమిది నెలలు పట్టింది జవాబు రాసుటానికి. చెప్పెటందుకు ఏదన్న ఉంటెనే రాద్దామనుకున్న.

పొడి మిల్లు వద్దన్న. అనుమతి పోయిన నెల వచ్చింది. రెండు లారీలు పోయినయి, ఒక్కటి కూడ వాపస్ రాలేదు. మంగ, నేను, లస్మయ్య, పక్కింటి కొమురవ్వ నలుగురం ఏరుతున్నం. నీళ్లు చల్లుకుంట కొడుతున్నం. దశరథం మళ్లీ వస్తున్నడు. టైల్స్ కంపెనీ మనిషిని తోలుకొస్తె, ముందు చెడ్డ కుప్ప దగ్గరికి తీస్కపోయిన. దశరథం నా చెయ్యి గుంజి, "గది ఎందుకు చూపెడుతున్నవు?" అని అరిచిండు. ఏమో, నాకు వినబడలేదన్న.

పైసలు తక్కువనే. మంగ బీడీలు చేస్తది, ఇల్లు నడుస్తున్నది. బిడ్డను రోజు బడి కాడ దించుతున్న.

నిన్న మంగకు నల్లటి కడ్డీ అసోంటి రాయి దొరికింది, వేలెడంత. నిలువునా గీతలున్నయి. విరిగిన కాడ చూస్తె మూడు మూలలు, జర గుండ్రం. సారును అడిగి రాయి. ఆమె నన్ను పడుకోనిస్తలేదు.

ఇంకొకటి. పాండేసర గదిల నా పెట్టె, పరుపు ఉన్నయి. పెట్టె ఉంటె జాగ నాదన్నట్టు. ఏడాది సంది పరమేశ్ దాన్ని కావలి కాస్తున్నడు. నువ్వు పోయి పెట్టె తెచ్చుకో. పరుపు ఎవరికన్న ఇయ్యి.

నీ తమ్ముడు
రఘుపతి

డిండోలి, సూరత్
2022 ఫిబ్రవరి 25

తమ్మీ,

మంగకు చెప్పు, అది టూర్మలీన్. భుజంగరావు గారు నీ మూడు మూలల మాట వినగానే చెప్పేశారు. చివరి రసంలో బోరాన్ ఉంటే ఇది పుడుతుందట. బోరాన్ ఉందంటే ఇంకేం ఉండవచ్చో ఆయన ఒక పేజీ నిండా రాసి ఇచ్చారు. కవరులో పెట్టాను. నాకు సగమే అర్థమైంది. అర్థమైనవి మీరు నాకు రాయండి.

నిన్న పాండేసర గదికి వెళ్లాను. పరమేశ్ డ్యూటీలో ఉన్నాడు. తలుపు తీసే ఉంది. నీ పరుపు మీద ఒక కొత్తాయన నిద్రపోతున్నాడు. ఒడిశా నుంచి పోయినవారం వచ్చాడట, చోటు లేక నీ పెట్టెకు తల ఆనించి పడుకున్నాడు. గంటసేపు గుమ్మంలో కూర్చుని జపం చేసుకున్నాను. మధ్యాహ్నం మిల్లు కూత వినబడగానే తనే లేచి, నన్ను చూసి గాభరాగా పరుపు చుట్టబోయాడు.

వద్దు, పరుచుకునే ఉండు, అన్నాను. పెట్టె తెచ్చుకున్నాను.

జమున